పేరు కొట్టుకుపోయిన సీసా

బట్టలుతికే యంత్రంలో దొరికింది,
మెడదాకా బురదలో కూరుకుపోయి.
కాగితం ఊడిపోయింది.
మూత మీది ఎర్ర లక్క మాత్రం చెక్కుచెదరలేదు.

మాది కాదు.
మా ఇంట్లో మందుండదు. మా అమ్మ బాప్టిస్టు.
నేను మా అమ్మకు భయపడే బాప్టిస్టుని,
ఆమె పోయి పంతొమ్మిదేళ్లయినా.

వాగు తెచ్చిపెట్టింది, ఎవరింట్లోంచో.
అర్ధరాత్రి దాటాక వచ్చి
నా కుర్చీల్ని హాస్కెల్ ప్రాటర్ పెరట్లో చెట్టెక్కించింది.
అతని కోళ్ల గూడు నా వంటింట్లో దించింది,
వియ్యాలవాళ్లు సారె మార్చుకున్నట్టు.
మా మధ్య కంచెని మాత్రం
ఒక్క మేకు మిగల్చకుండా మింగేసింది.

ఆ కంచె మీదే
పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు.
రెండడుగుల నేల, అంతే.
ఆ రెండడుగులూ ఇప్పుడెక్కడున్నాయో
సర్వేయరు వచ్చినా చెప్పలేడు.

మూడోనాటి సాయంత్రం
పార గోడకానించి గుమ్మంలో నిలబడ్డాడు.
సీసాని చూశాడు.
"నీదా, ఓలీటా?"
"కాదు. నీదా?"
"నాదైతే ఇన్నాళ్లు మూతుంటుందా?"

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
తర్వాత ఎందుకాపుకున్నానా అనిపించింది.

నా దగ్గర అల్లం బీరుంది.
పేరుకే బీరు. కడుపులో తిప్పితే తాగుతాను.
అలమర పై అరలో,
గోడ మీద నీళ్లు గీసిన గీతకి నాలుగు వేళ్ల పైన
ఆరు సీసాలూ బతికిపోయాయి.
ఐసు, సైనికుల ట్రక్కు ఇచ్చిన సంచిలో
సగం నీళ్లై సగం మిగిలింది.
చిక్కుళ్లు నిలవబెట్టే గాజు జాడీలు రెండు
క్యాంపు పొయ్యి మీద మూడుసార్లు మరగబెట్టాను.
నిమ్మకాయ లేదు. కౌంటీ మొత్తంలో లేదు.

"పుదీనా?" అన్నాడు.
వాగు ఎక్కలేకపోయిన చోటొకటే మిగిలింది ఇక్కడ,
గుట్ట మీద శ్మశానం.
మా అమ్మ తలాపున గుబురుగా పెరుగుతుంది పుదీనా.
వెళ్లి నాలుగు రెబ్బలు తుంచాను.
ఎందుకో చెప్పలేదామెకి.

"రెండు వేళ్ల ఎత్తు పొయ్యి," అన్నాడు.
"ఎవరి వేళ్లు?"
గని మింగగా మిగిలిన మూడువేళ్ల చెయ్యి ఎత్తి చూపించాడు.
మళ్లీ కొలతే. మళ్లీ మేమే.
నా వేళ్లతోనే పోశాను.

లక్క చాకుతో గీకి మూత తీశాక
హాస్కెల్ టోపీ తీశాడు.
పై వాగున ఇద్దరింకా దొరకలేదు.
గుమ్మం బయట, ఎండి బీటలిస్తున్న బురదలో
మొదటి గుక్క వంచాడు,
"ఎవరిదో, వాళ్లకి."
కాసేపు ఐసు కరగడం ఒక్కటే వినిపించింది.

ముందు ఐసు. ఐసు మీద బర్బన్, తేనెరంగు.
ఆపైన అల్లం బీరు, జాడీ అంచు వెంబడి, మెల్లగా.
తొందరపడితే పొంగి పోతుంది.
నురగ తిరగమోతలా చిటపటమంది.
పుదీనా అరచేతిలో ఒక్క చరుపు చరిచి వేశాను.
కలపలేదు.

మూడు రోజులుగా
రొట్టెలో బురద వాసన, జుట్టులో బురద వాసన,
ప్రార్థనలోనూ.
జాడీ మూతిదగ్గర పెట్టుకుంటే
పచ్చటి ఆకు,
దాని వెనక కాలిన ఓక్ చెక్క, ముదిరిన పాకం.
ముక్కు ఒక్కసారి ఇల్లు చేరినట్టయింది.
తర్వాత అల్లం గొంతు పట్టుకుని
తేరగా వదలనంది.
కళ్లల్లో నీళ్లొచ్చాయి. అల్లానివే అన్నాను.
అతనూ అదే అన్నాడు.

చీకటి పడింది. కరెంటు లేదు.
జాడీల్లో ఐసు రాళ్లు
ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి.
"రేప్పొద్దున కంచె సంగతి మాట్లాడదాం," అన్నాడు.
"ఎల్లుండి," అన్నాను.
"రేపు నా వంటింట్లోంచి
నీ కోళ్ల గూడు తియ్యాలి.
లోపలొక పెట్ట ఉంది, హాస్కెల్.
బతికే ఉంది. గుడ్డు కూడా పెట్టింది."

"గుడ్డు నాదే," అన్నాడు.
"నా వంటింట్లో పెట్టింది," అన్నాను,
ఇంకొంచెం పోస్తూ.